వీధులలో నిలిచిన సువార్తికుడు – జనరల్ విలియం బూత్

సాయంకాలమున పట్టణపు వీధిని నడచునప్పుడు వందలకొలది ముఖములు మన కెదురుపడును. వారి పేరు మనకు తెలియదు. మన పేరు వారికి తెలియదు. ఎవరి పనిమీద వారు పోవుచుందురు. ఇట్టి జనప్రవాహమున ఒకడు నిలిచి, ఎన్నడును ఎరుగని మనుష్యుని పలుకరించి, తన హృదయములోని విశ్వాసమును వానితో చెప్పుట సులభమైన కార్యము కాదు. వినువాడు మనకు ఋణపడి యుండలేదు. వాడు నవ్వవచ్చును, కోపపడవచ్చును, ముఖము త్రిప్పుకొని పోవచ్చును. దేవాలయములో ప్రసంగించువానికి గోడలు కాపు, వేదిక గౌరవము. వీధిలో ప్రసంగించువానికి ఈ రెండును లేవు. అట్టి కార్యమును పదునేడేండ్ల ప్రాయముననే ఆరంభించి, ఎనుబది దాటిన వృద్ధాప్యమువరకు విడువక నడిపించిన మహనీయుడు విలియం బూత్. రక్షణ సైన్యమను సమాజమును స్థాపించిన ఈయన చరిత్రమును మన విద్యార్థినీ విద్యార్థులు తెలిసికొనుట మేలని యెంచి సంగ్రహముగా వ్రాయుచున్నాను.

విలియం బూత్ 1829 వ సంవత్సరము ఏప్రిల్ 10 వ తేదీన ఇంగ్లండు దేశమున నాటింగ్‌హాం పట్టణమునకు చేరిన స్నెంటన్ అను చోట జన్మించెను. ఆ పట్టణము లేసు నేతకును మేజోళ్ల నేతకును పేరుపొందినది. యంత్రములు వచ్చుటచేతను, బేరములు సన్నగిల్లుటచేతను అచ్చటి నేతపనివారు ఆ కాలమున మిక్కిలి దారిద్ర్యము ననుభవించుచుండిరి. విలియం తండ్రియైన శామ్యూల్ బూత్ ఇండ్లు కట్టించు వ్యాపారమున మొదట కొంత ధనము గడించెను గాని, తరువాత వ్యాపారము చెడి బీదవాడాయెను. కావున విలియమునకు పదుమూడేండ్లు నిండగానే చదువు మాన్పించి, తాకట్టు దుకాణములో పని నేర్చుకొనుటకు కుదిర్చెను. ఆ సంవత్సరమే, అనగా 1842 లో, తండ్రి మరణించెను. తల్లియు అక్కచెల్లెండ్రును చిన్న అంగడి పెట్టుకొని కాలము గడుపవలసిన స్థితి వచ్చెను.

తాకట్టు దుకాణమన నేమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆదివారము ధరించిన మంచి బట్టలను సోమవారము తెచ్చి కుదువబెట్టి, కూలి దొరికిన శనివారము వడ్డితో విడిపించుకొని పోవు కుటుంబము లెన్నియో యుండెను. భర్తకు పని లేనప్పుడు భార్య వివాహపు టుంగరమును తెచ్చెను. రొట్టెకు దారిలేనప్పుడు పనివాడు తన పనిముట్లనే తెచ్చెను. పనిముట్లు పోయిన పిమ్మట వాడు దేనితో సంపాదించును? ఈ ప్రశ్నకు జవాబు దుకాణపు బల్ల యవతల నిలిచిన బాలునికి ప్రతిదినము కన్నులకు కట్టుచుండెను. ఆ పని ఆయనకు జీవితాంతమును అసహ్యముగానే యుండెను. అయినను బీదల యిండ్లలోని సంగతి యేదో, వారు దేనికి సిగ్గుపడుదురో, దేనికి విసిగిపోవుదురో ఆ బల్లయొద్దనే ఆయన నేర్చుకొనెను. ఏ వేదాంత పాఠశాలయు అంతకంటె మంచి పాఠమును ఆయనకు చెప్పి యుండదు.

పదునైదవ యేట, 1844 లో, విలియం హృదయము మారెను. ఆయన అప్పుడు వెస్లీ మతస్థుల ఆలయమునకు పోవుచుండెను. ఈ మార్పునకు అడ్డుగా నిలిచినది చిన్న వస్తువొకటి. అంతకుముందు ఆయన తోటి బాలురతో కలిసి యొక బేరము చేసి, వారికి స్వలాభాపేక్ష లేక సాయము చేసినట్లు నటించి తాను లోలోపల లాభము తీసికొనెను. వారు నమ్మి, కృతజ్ఞతతో వెండి పెన్సిలు ఒర యొకదానిని బహుమానముగా ఇచ్చిరి. ఆ వెండి వస్తువు ఆయన మనస్సాక్షిపై బరువైన రాయివలె కూర్చుండెను. తుదకొక రాత్రి ఆయన ఆ మిత్రులలో ముఖ్యుని వెదకిపట్టుకొని, జరిగిన మోసమును ఒప్పుకొని, ఆ వస్తువును తిరిగి యిచ్చివేసెను. అప్పటినుండి ఆయన మనస్సు తేలికయ్యెను. పరులకు పశ్చాత్తాపమును బోధింపబోవువాడు మొదట తానే ఒప్పుకొనవలసినది ఒప్పుకొనెను. విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనవలెను.

1846 లో జేమ్స్ కాఘే అను అమెరికా దేశపు ప్రసంగి నాటింగ్‌హామునకు వచ్చి ఉజ్జీవ కూటములను జరిపెను. ఆ ప్రసంగములు విని విలియమును, ఆయన మిత్రుడు విల్ శాన్సమును తామును ఏదైన చేయవలెనని నిశ్చయించుకొనిరి. దుకాణము మూసినది మొదలు వారు బీదల వాడలకు పోయి, ఒక కుర్చీ తెచ్చి వీధి మూలను వేసికొని, దానిపై నిలిచి మాటలాడుచుండిరి. పాటతో జనమును కూర్చి, కొద్ది మాటలు చెప్పి, రోగుల యిండ్లకు పోయి ప్రార్థించి, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఇల్లు చేరుచుండిరి. కొంతకాలమునకు శాన్సం క్షయరోగమున మరణించెను. విలియం ఒంటరిగానే ఆ పనిని సాగించెను.

ఆ దినములలో జరిగిన సంగతియొకటి ఆయన చరిత్రమంతటికిని తాళపుచెవివంటిది. వీధిలో మాటలాడుటచేత పరిచయమైన బీద బాలురను కొందరిని ఒక ఆదివారమున ఆయన వెంటబెట్టుకొని ఆలయమునకు పోయెను. వారి బట్టలు చినిగి మాసియుండెను. ఆ కాలపు ఆలయములలో మంచి ఆసనములకు ధనిక కుటుంబములు ఏటేట అద్దె చెల్లించెడివారు. బీదలకు వేరుగా, కంటికి కనబడని మూలను బల్లలుండెను. విలియం ఈ కట్టుబాటు తలంపక, ముందు ద్వారమున ఆ బాలురను తీసికొనిపోయి మంచి ఆసనములలో కూర్చుండబెట్టెను. ఆరాధన ముగిసినపిమ్మట పెద్దలు ఆయనను పిలిచి, ఇకమీదట ఇట్టివారిని తెచ్చినచో వెనుక ద్వారమున తెచ్చి, ఎవరికిని కనబడని చోట కూర్చుండబెట్టవలెనని ఆజ్ఞాపించిరి. ఆ బాలురను వీధిలో పిలిచినప్పుడు క్రీస్తు మిమ్మును ప్రేమించుచున్నాడని చెప్పిన నోటితో, మీకు వెనుక ద్వారమని చెప్పుట యెట్లు? ఈ ముల్లు ఆయన హృదయమున గ్రుచ్చుకొని యుండిపోయెను.

వీధిలో ప్రసంగించుట ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు. 1739 లో జాన్ వెస్లీ బ్రిస్టల్ పట్టణమున ఆరుబయట నిలిచి గనిపనివారికిని కూలివారికిని ప్రసంగించుట మొదలుపెట్టెను. అట్లు బయట పుట్టిన సంఘము నూరేండ్లలో లోపలికి పోయి, ఆసనములకు అద్దె కట్టుకొని, బయటివారిని మరచెను. వెస్లీని గురువుగా భావించిన బూత్, ఆ గురువు విడిచిన చోటనే మరల మొదలుపెట్టవలసినవాడయ్యెను.

తాకట్టు దుకాణములో గడువు ముగిసినపిమ్మట ఒక సంవత్సరము పని దొరకక, 1849 లో విలియం లండను చేరెను. అచ్చటను వేరు దారిలేక మరల తాకట్టు దుకాణమునకే పోవలసివచ్చెను. ఎడ్వర్డ్ రాబిట్స్ అను జోళ్ల వర్తకుడు ఆయన ప్రసంగమును మెచ్చి జీవనమునకు సాయము చేయగా, 1852 లో దుకాణపు కొలువు విడిచి పూర్తిగా ప్రసంగి యయ్యెను. ఆ సంవత్సరమే ఆయనకు కాథరిన్ మమ్‌ఫర్డ్ అను కన్యకతో పరిచయము కలిగెను. 1855 జూన్ 16 వ తేదీన వారి వివాహము జరిగెను. కాథరిన్ శరీరమున బలహీనురాలు గాని బుద్ధియందు భర్తకు ఏమాత్రమును తీసిపోయినది కాదు. స్త్రీలును సువార్త ప్రకటింపవచ్చునని 1859 లో ఆమె యొక చిన్న పుస్తకము వ్రాసెను. మరుసటి యేట తానే లేచి ప్రసంగించెను. రక్షణ సైన్యములో స్త్రీలకు పురుషులతో సమానమైన పదవులు కలుగుటకు మూలము ఈ తల్లియే.

బూత్ మెథడిస్టు శాఖయొకదానిలో పాదిరిగా అభిషేకము పొందెను గాని, ఆ సంఘపు పెద్దలు ఆయనను ఒకే మండలమున నిలిపియుంచగోరిరి. ఊరూర తిరిగి ప్రసంగించుటయే తనకు దేవుడిచ్చిన పని యని తోచి, 1861 లో ఆయన జీతమును, ఇంటిని విడిచి బయలుదేరెను. అప్పటికే నలుగురు బిడ్డలు. నాలుగేండ్లు దేశమంతట తిరిగి, 1865 లో కాథరిన్‌కు లండనులో ప్రసంగించుటకు ఆహ్వానము రాగా, ఆ కుటుంబము మరల రాజధానిని చేరెను.

లండను తూర్పు భాగము ఆనాడు వేరొక దేశమువలె నుండెను. ఓడరేవు కూలివారు, కుట్టుపనివారు, అగ్గిపెట్టెలు చేయు స్త్రీలు, పని వెదకుచు పల్లెలనుండి వచ్చినవారు, ఐర్లండు కరవు తప్పించుకొని వచ్చినవారు ఇరుకు గదులలో క్రిక్కిరిసి యుండిరి. వీధి వీధికి పానశాలలు. చిన్న బిడ్డలకు సైతము అందునట్లు అంగడి బల్లయొద్ద మెట్లు కట్టిన పానశాలలు కూడ నుండెను. 1865 వేసవిలో ఒక సాయంకాలము బూత్ వైట్‌చాపెల్ వీధిలో, గ్రుడ్డి బిచ్చగాడను పేరుగల పానశాల యెదుట కొందరు సువార్తికులు కూటము జరుపుట చూచి నిలిచెను. తమ ప్రసంగము ముగిసిన తరువాత వారు, నిలిచియున్నవారిలో క్రైస్తవుడెవడైన ఒక మాట చెప్పవచ్చునని పిలిచిరి. బూత్ ముందుకు వచ్చి మాటలాడెను. ఆ పొడుగాటి మనిషి కంఠమునకు త్రాగువారు గ్లాసులతోనే వెలుపలికి వచ్చి వినిరి. ఆ సువార్తికులు ఆయనను తమ గుడార కూటములకు నాయకుడుగా నుండుమని వేడుకొనిరి.

1865 జూలై 2 వ తేదీ ఆదివారమున, క్వేకరుల పాత శ్మశానభూమిలో వేసిన గుడారమున ఆయన మొదటి ప్రసంగము జరిగెను. కొన్నాళ్లకే ఒక రాత్రి ఇల్లు చేరి, తన పని యెక్కడ నున్నదో తనకు తెలిసినదని భార్యతో చెప్పెను. కాథరిన్ కొంతసేపు మౌనముగా నిప్పుగూటి యెదుట కూర్చుండెను. ఇంతవరకు ధనికుల సంఘములు ఇచ్చు కానుకలతో ఇల్లు గడచుచుండెను. తూర్పు లండను బీదలు ఏమియ్యగలరు? అయినను ఇంతవరకు పోషించిన దేవుడు ఇకమీదటను పోషించునని ఆమె సమ్మతించెను. భర్త పిలుపు ఎంత గొప్పదో ఆ మౌనమును అంత గొప్పదే.

గుడారము గాలివానకు కూలిపోయెను. అటుపిమ్మట కూటములు దొరికిన చోటనెల్ల జరిగెను. ఒక నాట్యశాలను ఆదివారములకు అద్దెకు తీసికొనిరి. శనివారము రాత్రి నాట్యము ముగిసిన తరువాత కొత్త విశ్వాసులు తెల్లవారులు బెంచీలు మోసి లోపల వేసెడివారు. ఒక పాత ఉన్ని గిడ్డంగి దొరికెను. దాని కిటికీలు వీధివైపున నుండుటచేత అల్లరి బాలురు ప్రసంగము నడుమ రాళ్లును, బురదయు, టపాకాయలును లోపలికి విసరుచుండిరి. బూత్ అనేక రాత్రులు గాయముతో, చినిగిన బట్టలతో ఇల్లు చేరెను.

మొదట ఆయనకు వేరు సమాజమును స్థాపించు తలంపు లేదు. వీధిలో మనస్సు మారినవారిని సమీపమునగల ఆలయములకు పంపవలెననియే ఆయన ఉద్దేశము. కాని అది నెరవేరలేదు. వారిలో అనేకులు పోమనిరి. పోయినవారికి అచ్చట ఆదరణ దొరకలేదు. అదియును గాక వారే ఇతరులను పిలుచుటకు తనకు కావలసి వచ్చిరి. నాటింగ్‌హాములోని వెనుక ద్వారము లండనులోను కనబడెను. అప్పుడు బూత్ తెలిసికొనిన సత్యమిది: కొత్తవానిని వీధిలో పిలుచుట సగము పనియే, పిలిచిన తరువాత వానికి కూర్చుండ చోటు చూపుట తక్కిన సగము. ఆ చోటు లేనప్పుడు పిలుపు సైతము అబద్ధమగును.

ఇక ఆయన వీధి ప్రసంగపు పద్ధతిని గూర్చి చెప్పవలెను. పెద్ద మాటలు, దీర్ఘ ప్రసంగములు వీధిలో పనికిరావని ఆయన ఎరుగును. నిలిచినవాడు అయిదు నిమిషములలో పోవచ్చును. కావున చెప్పవలసినది అయిదు నిమిషములలో చెప్పవలెను. జనులకు ముందే తెలిసిన వరుసలలో పాటలు పాడించెను. 1878 లో సాల్స్‌బరీ పట్టణమున చార్లెస్ ఫ్రై అను మేస్త్రియు ఆయన ముగ్గురు కుమారులును తమ ఇత్తడి వాద్యములతో కూటమునకు తోడ్పడగా, నాటినుండి బ్యాండు మేళము సైన్యపు గురుతాయెను. అన్నిటికంటె ముఖ్యమైనది, పాదిరికంటె ముందుగా నిన్నటి త్రాగుబోతును నిలిపి మాటలాడించుట. పొగగూళ్లు తుడుచు పనిలో బాల్యము గడపి, చదువు నేర్వక పెరిగిన ఎలైజా కాడ్మన్ వంటివారు ఆ విధముగా పేరుపొందిన ప్రసంగులైరి. వారికి వేదాంతము తెలియదు; అయినను వీధికి వారు తెలియును. పొరుగువాని మారిన బ్రతుకును కన్నులార చూచినవాడు దానిని కాదనలేడు గదా!

1878 లో ఈ సమాజమునకు రక్షణ సైన్యమను పేరు కలిగెను. అంతకుముందు క్రైస్తవ మిషను అని పిలువబడుచుండెను. అప్పటినుండి నాయకుడు జనరల్, ప్రసంగులు కెప్టెనులు, సభ్యులు సైనికులు. ధ్వజమును, ప్రత్యేకమైన దుస్తులును ఏర్పడెను. 1880 లో జార్జి స్కాట్ రెయిల్టన్ అనువాడు ఏడుగురు స్త్రీలతో అమెరికాకు పోయి, న్యూయార్కు రేవున దిగిన వెంటనే పాటపాడి ప్రసంగించుటతో అచ్చటి పని ఆరంభమయ్యెను.

అందరును దీనిని సంతోషముతో అంగీకరింపలేదు. సారాయి వర్తకులకు బేరము తగ్గెను. కొందరు గృహస్థులకు ఆదివారపు నెమ్మది పోవుటచేత విసుగు కలిగెను. డోళ్లతోను బాకాలతోను దేవుని నామము నెత్తుట అమర్యాదయని కొందరు క్రైస్తవ పెద్దలే తలంచిరి. ఈ రెండవ ఆక్షేపణలో న్యాయము బొత్తిగా లేదనలేము. కాని విరోధము మాటలతో ఆగలేదు. అనేక పట్టణములలో అస్థిపంజర సైన్యమను పేర అల్లరిమూకలు బయలుదేరి, ఊరేగింపులపై రాళ్లును కుళ్లిన వస్తువులును విసిరెను. 1882 వ సంవత్సర మొక్కదానిలోనే 669 మంది సైనికులు దెబ్బలు తినిరనియు, వారిలో 251 మంది స్త్రీలనియు సైన్యమువారి లెక్క. తిరిగి కొట్టవలదని బూత్ ఆజ్ఞ. ఆ ఆజ్ఞను వారు పాటించిరి.

ఇంకను విచిత్రమేమనగా, కొట్టినవారిని విడిచి దెబ్బలు తిన్నవారినే కొన్ని చోట్ల శిక్షించిరి. వెస్టన్-సూపర్-మేర్ పట్టణమున 1882 మార్చిలో కెప్టెన్ బీటీ అనునాతడు ఊరేగింపు నడిపించుచుండగా, అది అల్లరికి కారణమగునని అతనిని పట్టుకొని, న్యాయాధిపతులు పూచీకత్తు అడిగిరి. ఆ వ్యాజ్యము ఉన్నత న్యాయస్థానమునకు పోయెను. న్యాయవిరుద్ధము కాని పనిని ఒకడు చేయునప్పుడు, ఇతరులు అల్లరి చేయుదురను కారణముచేత వానిని దోషిగా నెంచరాదని ఆ సంవత్సరము జూన్‌లో తీర్పు వచ్చెను. బహిరంగ సభా స్వాతంత్ర్యమును గూర్చి చర్చించునప్పుడు న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును చదువుదురు. వీధిలో నెమ్మదిగా మాటలాడు హక్కు ఒక్క మతమువారికే గాక అందరికిని చెందినది. అది ఈ పేద కెప్టెను వ్యాజ్యమువలన బలపడెను.

వీధిలో నిలిచినవానికి వీధియే మరియొక పాఠము నేర్పును. ఆకలిగొన్నవాడు ప్రసంగము వినలేడు. 1887 చివర ఒక రాత్రి బూత్ ప్రయాణమునుండి తిరిగి వచ్చుచు, లండను వంతెన మీద నిలువ నీడలేని మనుష్యులు చలిలో పండుకొని యుండుట చూచెను. తెల్లవారగానే కుమారుడైన బ్రామ్‌వెల్‌ను పిలిచి, వారికొరకు ఏదైన చేసితీరవలెనని చెప్పెను. మరుసటి సంవత్సరమున చౌక భోజనశాలయు, రాత్రి నిద్రించుటకు ఆశ్రయమును ఏర్పడెను. 1890 లో ఆయన ఇంగ్లండులోని చీకటిని గూర్చియు, వెలుపలికి దారిని గూర్చియు ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. అందొక ఉపమానము కలదు. మన పెద్దలెరిగిన జట్కావంటి బాడుగ బండి గుఱ్ఱము వీధిలో పడిపోయినయెడల, అది యెట్లు పడెనని యెవరును విచారింపరు, మొదట లేపుదురు. బ్రతికినన్నాళ్లు దానికి మేత, కొట్టము, పని యుండును. మనుష్యునికి ఆపాటి ఐన కలుగవలదా యని ఆయన వాదము. ఆ గ్రంథము వ్రాయునప్పుడు కాథరిన్ రాచపుండు వ్యాధితో బాధపడుచుండెను. 1890 అక్టోబరు 4 వ తేదీన, ఆ గ్రంథము వెలువడుటకు కొద్ది దినముల ముందు, ఆమె కన్నుమూసెను.

ఆ గ్రంథములోని తలంపులు కాగితముమీద నిలిచిపోలేదు. పని లేనివారికి పని చూపు కార్యాలయము, ఎసెక్సులో వ్యవసాయ క్షేత్రము ఏర్పడెను. అగ్గిపుల్లల కర్మాగారములలో తెల్ల భాస్వరపు పొగవలన పనివారి దవడ యెముక కుళ్లిపోవుచుండెను. దీనిని మాన్పుటకై 1891 లో సైన్యము తూర్పు లండనులో అగ్గిపెట్టెల కర్మాగారమొకటి తెరచి, హానిలేని ఎఱ్ఱ భాస్వరమునే వాడి, గ్రోసు పెట్టెలకు ఇతరులు రెండున్నర పెన్నీలిచ్చు చోట నాలుగు పెన్నీలిచ్చెను. పదేండ్లకు ఆ కర్మాగారము మూతపడెను గాని, 1908 లో తెల్ల భాస్వరము వాడుట నిషేధించుచు ఆ దేశమున చట్టము వచ్చెను.

మన దేశమునకు ఈ పని వచ్చిన విధము వినదగినది. పంజాబులో సివిల్ సర్వీసు ఉద్యోగియైన ఫ్రెడరిక్ టక్కర్ సైన్యపు పత్రికను చదివి, లండనుకు పోయి, ఉద్యోగము విడిచి సైన్యమున చేరెను. 1882 సెప్టెంబరు 19 వ తేదీన మరి ముగ్గురితో బొంబాయి రేవున దిగెను. దొరల దుస్తులు విడిచి, కాషాయవస్త్రములు ధరించి, చెప్పులు లేక నడచి, ఫకీర్ సింగ్ అను పేరు పెట్టుకొనెను. ఈ సమాజమును ఉత్తరాది జనులు ముక్తి ఫౌజు అని పిలిచిరి. వీధులలో ఊరేగింపు చేయుటచేత అధికారులు వారిని పట్టుకొనిరి. టక్కర్ చెరసాలకు కూడ పోయెను. తరువాత ఆయన బూత్ కుమార్తెయైన ఎమ్మాను వివాహమాడెను. ఈ పని మన తెలుగు దేశమునకును వ్యాపించెను. నిడుబ్రోలునందును బాపట్లయందును ఏర్పడిన సైన్యపు వైద్యశాలలు బూత్ మరియొక కుమార్తెయైన ఎవంజలీన్ పేరు ధరించినవి.

బాపట్ల సమీపముననే స్టూవర్టుపురము కలదు. 1910 తరువాతి సంవత్సరములలో మద్రాసు ప్రభుత్వము, నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకల కుటుంబములను అచ్చట నివసింపజేసి, నిర్వహణమును రక్షణ సైన్యమున కప్పగించెను. పుట్టుకనుబట్టి జనులపై దొంగలని ముద్రవేసిన ఆ చట్టము అన్యాయమైనది. 1952 లో అది రద్దయ్యెను. సైన్యమువారు అచ్చట సదుద్దేశముతోనే పనిచేసి యుందురు. అయినను వీధిలో తన యిష్టమున నిలిచి వినువానికిని, చట్టముచేత కట్టబడి వినువానికిని గల భేదము గొప్పది. పోదలచినవాడు పోవుటకు వీలున్న చోటనే వినుట నిజమైన వినుట యగును. ఈ భేదమును మరువకుండుట సువార్త పని చేయువారికి అవశ్యము.

బూత్ జీవితమున దోషములు లేవని చెప్పరాదు. ఆయన మాటయే శాసనముగా నుండెను. సేనాపతిగా ఆజ్ఞాపించి ఆజ్ఞాపించి, తండ్రిగా వినుట కొన్నిచోట్ల మరచెను. కుమారుడు బాలింగ్‌టన్ 1896 లోను, పెద్ద కుమార్తె కాథరిన్, మరియొక కుమారుడు హెర్బర్ట్ 1902 లోను సైన్యము విడిచిపోయిరి. వీధిలోని అపరిచితులను వేలకొలది దగ్గరకు చేర్చుకొనిన ఆ తండ్రికి, కన్నబిడ్డలు దూరమగుట తీరని దుఃఖము.

విరోధించిన లోకమే తుదకు గౌరవించెను. 1904 లో ఎడ్వర్డు చక్రవర్తి ఆయనను పిలిపించి మాటలాడెను. 1907 లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము డాక్టరు బిరుదమిచ్చెను. ఒకప్పుడు ఆ బీద బాలురతో వెనుక ద్వారమునకు పొమ్మనిపించుకొనిన నాటింగ్‌హాము పట్టణముననే 1905 లో ఆయనకు పౌర సన్మానము జరిగెను. డెబ్బదియైదవ యేట మోటారుబండిలో దేశమంతట తిరిగి వీధి వీధిని ప్రసంగించెను. 1909 లో ఒక కన్ను పోయెను. 1912 మే నెలలో రెండవ కంటికి చికిత్స చేయగా ఆ చూపును పోయెను. కన్నులతో దేవుని సేవించితిని, ఇక కన్నులు లేకయే సేవింతునని ఆయన నెమ్మదిగా అంగీకరించెను. 1912 ఆగస్టు 20 వ తేదీన, ఎనుబదిమూడేండ్ల వృద్ధుడై, పరమపదించెను. అప్పటికి సైన్యము 58 దేశములలో పనిచేయుచుండెను. ఆయన దేహమును చూచుటకు లక్షకు మించిన జనులు బారులు తీరి వచ్చిరి. వారిలో గొప్పవారును కలరు. వీధి మూలలయందు ఆయన మాట విని బ్రతుకు మార్చుకొనినవారును కలరు.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మనము నేర్చుకొనవలసిన దేమి? మనలో అందరును వీధిలో కుర్చీ వేసికొని ప్రసంగింపలేము. అందరికిని ఆ పిలుపు లేదు. కాని మన తరగతిలోనికి కొత్తగా వచ్చి, ఎవరితోను మాటలాడక నిలిచిన బాలుని పలుకరింపగలము. మాసిన బట్టలు కట్టినవానిని మన ప్రక్కను కూర్చుండబెట్టుకొనగలము. మన విశ్వాసమును అడిగినవానికి మర్యాదతో చెప్పగలము. వినగోరనివానిని ప్రేమతో పోనీయగలము. మొదట మన యొద్దనున్న వెండి పెన్సిలును తిరిగి యిచ్చివేయగలము. వీధిలో ఎంత బిగ్గరగా పిలిచితిమను ప్రశ్నకంటె, వచ్చినవానికి ఏ ద్వారము తెరచితిమను ప్రశ్న పెద్దది. మన యిండ్లకును, మన పాఠశాలకును, మన ఆలయములకును ముందు ద్వారమొక్కటియే యుండునుగాక.